గుర్రం కాలు ఎంత వంకరగా ఉండాలి?

స్కూళ్ళలో ఇచ్చే బొమ్మల ప్రాజెక్టులు పిల్లల కోసం పుట్టినవి కావు, పెద్దల్ని ఉద్ధరించడానికి పుట్టినవి! నామాట నమ్మండి. మన జోగ్జా నగరంలోనే పుట్టి, జోగ్జాలోనే పెరిగి, సహకార బ్యాంకు కౌంటరు వెనకాల కూర్చుని జుట్టు నెరిపించుకున్న నాకు, నలభయ్యేళ్ళు దాటాక బొమ్మలు వెయ్యడం వచ్చిందంటే ఆ పుణ్యం ఎవరిది? ఐదో క్లాసు చదువుతున్న మా అమ్మాయి వెనింగ్ వాళ్ళ బడిది కాదూ!

ఈ ప్రాజెక్టుల్ని తిట్టుకునే తల్లిదండ్రులు కొందరున్నారు. వాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది. సృజనాత్మకత అనేది పిల్లల దగ్గర ఎలాగూ కావలసినంత ఉంటుంది. లేనిది మన దగ్గర. ఉన్నవాళ్ళ చేతికే మళ్ళీ రంగులూ బంకమట్టీ ఇచ్చి కూర్చోబెడితే అది న్యాయమా? లేనివాళ్ళకి కదా ఇవ్వాలి! మా బడి సరిగ్గా ఆ పనే చేస్తోంది. ప్రాజెక్టు పిల్లల పేరున ఇస్తుంది, చేసే భాగ్యం మనకి వదిలిపెడుతుంది.

మొదట్లో నాకూ ఈ జ్ఞానం లేదు. ఆ ఏడు మొదటి ప్రాజెక్టు 'ప్రకృతి దృశ్యం'. మన ఇండోనేషియాలో ప్రకృతి దృశ్యం అంటే ఏమిటో పలక పట్టిన ప్రతివాడికీ తెలుసు. రెండు కొండలు, వాటి మధ్య సగం సూర్యుడు, సందులోంచి వంపులు తిరుగుతూ కిందికి దిగే రోడ్డు, రోడ్డుకి అటూ ఇటూ వరిచేలు. మా తాత అదే గీశాడు, మా నాన్న అదే గీశాడు, నేనూ అదే గీశాను. దేశం ఒక్కతాటి మీద నిలబడిందంటే ఆ రెండు కొండల చలవే!

వెనింగ్ మాత్రం పెరటి గుమ్మంలో కూర్చుని కంటికి కనబడిందల్లా గీసింది. ఎదురింటివాళ్ళ వాటర్ ట్యాంకు, తీగ మీద ఆరేసిన లుంగీ, దాని వెనకాల బూడిదరంగు మబ్బు. కొండేదమ్మా అని అడిగితే, మబ్బు వెనకాల ఉంది, ఇవాళ బయటికి రాలేదు అంది. నిజమే, మెరాపి కొండ ఆ వారమంతా మొహం చూపించలేదు. కానీ మార్కులు వేసేవాళ్ళకి ఆ సంగతి ఎవరు చెబుతారు? పిల్ల నిద్రపోగానే ట్యాంకు చెరిపేసి రెండు కొండలూ నేనే నిలబెట్టాను. మా ఊళ్ళోకి కనబడేది ఒక్క కొండే కదా, రెండోది ఎక్కణ్ణించి తెచ్చారని మా ఆవిడ అడిగింది. ఆవిడ పేరు ముంపుని. కళ దగ్గర అలాంటి ప్రశ్నలు వెయ్యకూడదని చెప్పాను. తొమ్మిది మార్కులొచ్చాయి.

తర్వాత సబ్బు ముక్క మీద చెక్కడం ఇచ్చారు. బట్టల సబ్బు తెచ్చి బాతుని చెక్కడం మొదలుపెట్టాను. మెడ విరిగింది. మెడ లేని పక్షి ఏదీ తోచక తాబేలు చేద్దామనుకున్నాను. కాళ్ళు విరిగాయి. చివరికి చేతిలో మిగిలిన గుండ్రటి ముక్కకి 'బాతు గుడ్డు' అని పేరు పెట్టి పంపించాను. దానికీ ఎనిమిది మార్కులు! బ్యాంకులో పై ఆఫీసరు నా పనికి ఒక్కసారైనా ఎనిమిది వేశాడా? పాఠకులారా, మీరే చెప్పండి, ఈ వయసులో మనల్ని మెచ్చుకునేవాళ్ళు ఇంకెవరున్నారు?

ఇక ఈ ప్రాజెక్టుల వల్ల ఇరుగుపొరుగుల మధ్య పెరిగిన ఐకమత్యం గురించి ఎంత చెప్పినా తక్కువే. అంతకుముందు పండక్కి తప్ప పలకరించుకోని వాళ్ళం, ఇప్పుడు క్లాసు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పొద్దస్తమానం కలిసే ఉంటున్నాం. ఆడవాళ్ళని 'బు' అనీ మగవాళ్ళని 'పాక్' అనీ గౌరవంగా పిలుచుకునే ఆ గ్రూపుకి పెద్ద దిక్కు మా వీధి చివరింటి బు యాయుక్. ఆవిడ కొడుకు మా వెనింగ్ పక్క బెంచీలో కూర్చుంటాడు. ఆవిడ రోజుకో ఫొటో పెడుతుంది. "మావాడు ఊరికే ఆడుకుంటూ చేశాడు, ఏమంత బాగా రాలేదు" అని కింద రాస్తుంది. ఆ ఫొటోలో ఊడలూ చిలకలూ జలపాతమూ ఉన్న అట్టముక్కల అడవి ఉంటుంది. అది చూడగానే మిగతా ఇళ్ళలో పొయ్యి మీద కూర మాడుతుంది. అందరం "ఎంత బాగుందో" అని పొగిడి, ఆ మరుక్షణమే జిగురు డబ్బా కొనడానికి మోటారుసైకిలెక్కుతాం.

బు యాయుక్ కొడుకు అది చెయ్యలేదని అందరికీ తెలుసు. మా అమ్మాయి రెండు కొండలు గియ్యలేదని ఆవిడకీ తెలుసు. అయినా ఎవరూ ఎవర్నీ అడగరు. మొహం మీద అడిగి ఒకరిని చిన్నబుచ్చడం మన ఇళ్ళల్లో ఎక్కడైనా ఉందా! మర్యాద అంటే అదీ.

ఇందులో అందరికంటే మర్యాదస్తురాలు మా టీచరమ్మ బు కుస్తియా. ఆవిడ మార్కులు ఎలా వేస్తుందో ఓసారి కనుక్కుందామని వెళ్ళాను. మేం వేసినవని ఆవిడకి తెలియదేమో, తెలిస్తే కోప్పడుతుందేమో అని లోపల బెదురు. ఆవిడ నన్ను కూర్చోబెట్టి, తీపి టీ ఇచ్చి, చాలాసేపు వర్షాల గురించి మాట్లాడింది. లేవబోతుండగా మాత్రం గొంతు తగ్గించి చెప్పింది.

"మీ అమ్మాయి వేసిందైతే ఆరో ఏడో వేసి, ఇక్కడ ఇట్లా దిద్దుకోమ్మా అని చెప్పేదాన్ని, పాక్ దను. అది మీరు వేసిందని తెలిశాక, పెద్దవారికి ఆరు మార్కులు వెయ్యడానికి నాకు చెయ్యెట్లా వస్తుందండీ?"

ఎంత గౌరవం! ఆ లెక్కన మండలాధికారిగారి అబ్బాయికి ఎప్పుడూ పదికి పది వస్తాయి. ఆయన హోదాకి అంతకంటే తగ్గిస్తే బాగుండదు. తోపుడు బండి మీద మీట్‌బాల్ సూపు అమ్మే ఆయన కూతురికి ఏడు. ఆ పిల్ల ఒక్కతే తన బొమ్మలు తనే వేస్తుందని చెప్పుకుంటారు. మరి తండ్రికి బొత్తిగా బాధ్యత లేకపోతే టీచరమ్మ మాత్రం ఏం చేస్తుంది?

ఇంతలో ఏడాది చివర ఎగ్జిబిషన్ వచ్చింది. మట్టితో శిల్పం చెయ్యాలి. అంశం, 'మా ఇంటి జంతువు'. పెద్ద హాల్లో తెల్ల గుడ్డ పరిచిన బల్లల మీద పెడతారు. ప్రతి బొమ్మ ముందూ చేసిన పిల్లల పేరు అట్టముక్క మీద రాసి నిలబెడతారు. ఊరంతా వచ్చి చూస్తుంది. బయటినుంచి జడ్జీలు కూడా వస్తారు.

వెనింగ్‌కి ఈ సంగతి తెలిసిన రోజే పెరట్లోకి పరిగెత్తింది. మా పెరట్లో సిమెంటు తొట్టి ఉంది, అందులో జెల్ల చేపల్ని పెంచుతాం. వేయించి కారప్పచ్చడితో తినడానికే పెంచుతాం కానీ ఆ పిల్ల వాటితో కబుర్లు చెబుతూ ఉంటుంది. తొట్టి పక్కన తవ్వి మట్టి తీసి, పిసికి, సాయంత్రానికి ఓ చేపని చేసింది. చదునైన తల, ఇంత నోరు, మీసాలకి చీపురు పుల్లలు. ఒళ్ళంతా బొటనవేలి గుర్తులు. ఒక పక్క పొట్ట ఉబ్బిపోయి, మొత్తం ఆ పక్కకి ఒరిగిపోయి ఉంది.

 ఇదేమిటమ్మా, ఓ పక్కకి ఒరిగిపోయింది, సరిచెయ్యనా అన్నాను.

"వద్దు నాన్నా. అది ఇప్పుడే తిన్నది. కడుపు నిండితే అడుగుకి పోయి అట్లాగే పడుకుంటుంది."

ఏళ్ళ తరబడి రోజూ ఆ తొట్టిలో మేత వేస్తున్నది నేను. అవి తిన్నాక ఎలా పడుకుంటాయో నేనెప్పుడూ చూడలేదు. ముంపుని వచ్చి చూసి, మన చేపే, అచ్చం మన చేపే అంది. పిల్ల మొహం వెలిగిపోయింది. ఎగ్జిబిషన్లో దీని ముందు నా పేరు రాస్తారు కదమ్మా అని వాళ్ళమ్మని మళ్ళీ మళ్ళీ అడిగింది. రాస్తారు, ఎందుకు రాయరు అని ముంపుని మాటిచ్చింది.

ఆడవాళ్ళది ఎంత తొందరపాటో చూశారా! ఎందుకంటే ఆ మర్నాడే బు యాయుక్ గ్రూపులో ఫొటో పెట్టింది. జూలు విదిలిస్తూ ముందుకాళ్ళు ఎత్తిన మట్టి గుర్రం! "మావాడికి జంతువులంటే పిచ్చి" అని కింద రాసింది. బు యాయుక్ ఇంట్లో గుర్రం లేదు. మా వీధి మొత్తం మీద గుర్రం లేదు. మాలియోబోరో వీధిలో బండి లాగేవాటిని తప్ప మా పిల్లలు గుర్రాన్ని చూసి ఎరగరు. కానీ ఆ గుర్రం పక్కన మా చేపని ఊహించుకున్నాను. పొట్ట ఉబ్బి, ఒరిగి పడుకుని! దాని ముందు మా ఇంటి పేరు! తండ్రినన్నవాడు చేతులు ముడుచుకు కూర్చోగలడా?

ఊరికి దక్షిణాన కుమ్మరుల పల్లె ఉంది. అక్కడ గుర్రాలు చెయ్యడంలో పాక్ జుంబాడిది అందె వేసిన చెయ్యి. ఆదివారం బయల్దేరుతుంటే వెనింగ్ కూడా వస్తానంది. చేపని అన్నం గిన్నెలో పెట్టుకుని, పైన తువ్వాలు కప్పి, మోటారుసైకిలు వెనకాల కూర్చుంది. దాన్ని ఆవంలో కాల్పించడానికి తీసుకెళుతున్నానని ఆ పిల్ల అనుకుంది. నేనూ కాదనలేదు.

అక్కడికి వెళితే మా గ్రూపంతా అక్కడే ఉంది! ఒకరినొకరు చూసుకుని, పూలకుండీలు కొనడానికి వచ్చామని చెప్పుకున్నాం. పాక్ జుంబాడి చూరు కింద గుర్రాలు వరసగా ఆరుతున్నాయి. ఏ క్లాసండీ అని అడిగాడు. నాకు అర్థం కాలేదు. నాలుగో క్లాసైతే చెవులు ఎగుడుదిగుడుగా పెడతాడట. ఐదైతే ఒక కాలు వంకర. ఆరైతే ఏ వంకరా ఉండదు, తోక మాత్రం కాస్త పొట్టి. మరీ బాగుంటే జడ్జీలు పిల్లలు చెయ్యలేదని కనిపెడతారని తల్లిదండ్రులే కోరి చేయించుకుంటున్నారట. బు యాయుక్ తన గుర్రాన్ని మర్నాడే వెనక్కి తెచ్చి, ఒక కాలు వంచి ఇమ్మని పట్టుబట్టిందట.

"కాలు వంచడానికి చెయ్యి రావట్లేదండీ. వంచితే విరిగినట్టుంటుంది కానీ పిల్లలు చేసినట్టుండట్లేదు. ఇంటికెళ్ళి మా ఆవిడకి చూపిస్తే, ఏం ఒంట్లో బాగాలేదా అని అడిగింది" అని వాపోయాడు.

అప్పుడే ఆయన కళ్ళు గిన్నె మీద పడ్డాయి. తువ్వాలు తీయించి చేపని అటూ ఇటూ తిప్పి చూశాడు. వేలి గుర్తుల మీద తన వేలు పెట్టి చూసుకున్నాడు. వెనింగ్ ఖాళీ గిన్నె పట్టుకుని నిలబడింది. ఇక కాల్చి ఇస్తానంటాడని ఆ పిల్ల ఆశ.

"ఇది నా దగ్గర వదిలి వెళ్ళండి, పాక్. పిల్లల వేలు మట్టిలో ఎట్లా దిగుతుందో దీన్ని చూసి పట్టుకుంటా. మీ గుర్రం అందరికంటే బాగా వస్తుంది."

ఇంతకంటే గొప్ప సన్మానం ఏ కళాకారిణికైనా ఉంటుందా! పదేళ్ళ పిల్ల పనిని చూసి తల పండిన శిల్పి నేర్చుకుంటానంటున్నాడు! నేను వెంటనే ఒప్పుకున్నాను. కాల్చి ఇస్తారు కదా అని వెనింగ్ అడిగింది. ఆయన గుర్రం కాలు వంచుతూ తల ఊపాడు.

ఎగ్జిబిషన్ రోజు హాలు చూడాలి మీరు! ఈ చివరినుంచి ఆ చివరిదాకా గుర్రాలే. ఒక చోట జూలు ఎడమకి, ఒక చోట కుడికి, అంతే తేడా. అన్నిటికీ వెనక ఎడమ కాలు వంకర. ఒళ్ళంతా బొటనవేలి గుర్తులు. ఒక మూల సూపు బండాయన కూతురు చేసిన కోడిపెట్ట బిక్కుబిక్కుమంటూ ఉంది. గుర్రాల సంతలోకి ఇదెందుకు వచ్చిందని అందరూ దాన్ని చూసి నవ్వుకున్నారు.

మా గుర్రం ముందు 'వెనింగ్, ఐదో క్లాసు' అని అట్టముక్క నిలబెట్టి ఉంది. పేరు రాస్తారా లేదా అని పిల్ల బెంగపడింది కదా, రాశారు! కానీ ఆ పిల్ల అట్టముక్క వంక చూడనే లేదు. నాన్నా, నా చేపేది అని అడిగింది. హాలు బయటికి వెళ్ళి పాక్ జుంబాడికి ఫోన్ చేశాను. ఆఖర్న మట్టి చాలలేదట. ఎండిన ముక్కలన్నీ నానబెట్టి కలిపినప్పుడు అదీ కలిసిపోయిందట. ఏ గుర్రంలో ఉందో చెప్పలేనన్నాడు.

నేను తిరిగొచ్చి ఆ సంగతి ఎంత అందంగా చెప్పానో మా ఆవిణ్ణి అడగండి. నీ చేప ఎక్కడికీ పోలేదమ్మా, ఇక్కడే బల్ల మీదే ఉంది, ఏదో ఒక గుర్రం లోపల హాయిగా పడుకుంది అన్నాను. వెనింగ్ ఏడవలేదు. బల్లల పక్కనుంచి నడుచుకుంటూ వెళ్ళింది. ఒక్కో గుర్రం దగ్గరా ఆగి, వంగి, పొట్ట కిందికి చూసింది. ఆ చివరిదాకా అలాగే వెళ్ళింది. ముంపుని కూడా పిల్ల వెనకాలే వెళ్ళింది. నేను మా గుర్రం దగ్గరే నిలబడ్డాను.

మొదటి బహుమతి మా గుర్రానికే వచ్చింది! జడ్జీగారు దాని వీపు మీద వేలి గుర్తుల్ని నిమిరి, ఇందులో పసి చేతి స్పర్శ ఉంది, ఇది ఎవరూ నేర్పితే వచ్చేది కాదు అన్నారు. ఆ మాట నూటికి నూరుపాళ్ళూ నిజం. వెనింగ్‌ని వేదిక మీదికి పిలిచి, ఈ గుర్రాన్ని ఎలా చేశావో చెప్పమ్మా అని మైకు నోటి దగ్గర పెట్టారు.

"నేను చేప చేశానండీ."

హాలంతా ముచ్చటపడి నవ్వింది. పాపం వేదిక ఎక్కేసరికి తడబడిందని ఎవరో అన్నారు. చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. అందరూ కొడుతుంటే మానేస్తే ఏం బాగుంటుంది?

ఇంత చక్కగా సాగిపోతున్న వ్యవస్థ మీద కొత్తగా వచ్చిన హెడ్మాస్టరుగారి కన్ను పడింది. ఇకమీదట బొమ్మలన్నీ బళ్ళోనే, టీచరు ఎదటే, పిల్లలే చెయ్యాలట. తల్లిదండ్రులు గేటు దగ్గరే ఆగిపోవాలట! గ్రూపులో గగ్గోలు పుట్టింది. ఇన్నాళ్ళూ మనం పెంచుకున్న కళ ఏం కావాలి? పిల్లలకి ఏమీ రాదు, నలుగుర్లో అభాసుపాలవుతారు, వాళ్ళ లేత మనసులు దెబ్బతింటాయి అని బు యాయుక్ అర్జీ తయారుచేసింది. మొదటి క్లాసు ఎలా జరుగుతుందో చూశాక సంతకాలు పెట్టి ఇద్దామనుకున్నాం.

ఆ రోజు గేటు దగ్గర ఆగమన్నారు కానీ కాపలావాడు మావాడే. అందరం కిటికీల దగ్గర చేరాం. ఒక్కొక్కరి ముందూ ఓ మట్టి ముద్ద పెట్టి, మీకు నచ్చింది చెయ్యండి అని బు కుస్తియా చెప్పింది. ఇక నచ్చింది చెయ్యమన్నారు, ఎవరూ అడ్డం లేరు. నేను చువ్వలు పట్టుకుని వెనింగ్ చేతుల వంకే చూశాను. చేప చేస్తుందని నాకు తెలుసు. చేస్తే ఈసారి నేనే మోసుకెళ్ళి దగ్గరుండి కాల్పిస్తానని మనసులో అనుకున్నాను. నిజం చెబుతున్నాను, దేనికీ అంతలా ఎదురుచూడలేదు.

పిల్లలు పక్కలకి చూసుకుని పని మొదలుపెట్టారు. క్లాసంతా గుర్రాలు చేసింది. కోడిపెట్టని చేసిన పిల్ల కూడా గుర్రమే చేసింది.

వెనింగ్ నాలుగు కాళ్ళూ తిన్నగా పెట్టింది. తల ఓ పక్కకి వాల్చి చూసుకుంది. తర్వాత వెనక ఎడమ కాలిని బొటనవేలితో కొంచెం వంచింది. చాలదనుకుందేమో, ఇంకొంచెం వంచింది. ఎక్కువైందనుకుని మళ్ళీ సరిచేసింది. గుర్రాన్ని రెండు చేతుల్తో ఎత్తి కిటికీ వైపు చూపించి అడిగింది.

"నాన్నా, ఇంత వంకర చాలా?"

చాలమ్మా అన్నాను. 

నా పక్కనున్న బు యాయుక్ అర్జీ కాగితం తీసి నా చేతిలో పెట్టింది. "చూశారుగా పాక్, వీళ్ళకి సొంతంగా ఏదీ రాదు. అంతా మనమే నేర్పాలి" అంది. ఆవిడన్నది నిజమే. ఆ వంకర మేం నేర్పిందే.